పేరులేని సీసా

ఆదిపర్వములోని ఉపమన్యుని కథ మనలో చాలమంది వినియే యుందురు. ఆకలికి తాళలేక జిల్లేడాకులు తిని, చూపు గోల్పోయి, పాడునూత బడిన శిష్యుడతడు. చిన్ననాడు మా తండ్రిగారు ఈ కథ చెప్పునపుడు మేము అతని గురుభక్తినే తలచితిమి గాని, జిల్లేటిపాలు కంటికి చేయు కీడును తలపనే లేదు. దొడ్డిలో జిల్లేడు మొక్క గలవారెల్లరు ఎఱుగుదురు; ఆ పాలు కంటబడినచో చూపు మసకబారును. ఉపమన్యునకు అశ్వినీదేవతలు మరల చూపు నిచ్చిరి. మన పిల్లలకు ఎవరిత్తురు? ఈ ప్రశ్న మా యింటి గడపలోనికే వచ్చినది గావున, జరిగినదానిని దాపరికము లేక సోదరీమణులకు విన్నవించుచున్నాము.

గడచిన సంక్రాంతికి ముందు మా ఆడుబిడ్డ తన తొమ్మిదేండ్ల కుమార్తెను మాయొద్ద విడిచి, పండుగనాటికి వచ్చెదనని చెప్పి వెళ్లినది. భోగికి ముందు ఇల్లంతయు కడుగుకొనుట మనకు వాడుక గదా. వీథిలో సైకిలుమీద ఫినాయిలు, యాసిడ్ అమ్ముకొనుచు వచ్చు నతనివద్ద స్నానాలగది గచ్చునకై ఒక సీసా కొంటిమి. అంగటి ధరలో సగము ధరకే వచ్చినది. ఆ సీసాలో ఒకప్పుడు చల్లని పానీయము నిండియుండెను. దాని కాగితమును చింపివేసిరి, క్రొత్తది అంటింపలేదు. లోపలి ద్రవము నీళ్లవలెనే యుండెను. సగము వాడి, మిగిలినదానిని నూతిగట్టుమీద నుంచి, పిండివంటల తొందరలో లోపలికి పోయితిమి.

పిల్ల ఆ సీసాను గట్టిగా పట్టుకొని మూత త్రిప్పినది. ద్రవము చివ్వున లేచి కుడికంట బడెను. కేక విని మేము పరుగెత్తి వచ్చుసరికే, మా యింట అంట్లు తోము ముసలమ్మ పిల్లను కుళాయి క్రిందికి లాగి, ఱెప్పలను వ్రేళ్లతో విప్పి పట్టి, ధార వదలుచుండెను. మా అత్తగారు ఆముదపు గిన్నెతో వచ్చిరి. ప్రక్కయింటి బాలింతరాలిని చనుబాలకై పిలువుమనిరి. మేము ఏది మేలో తెలియక నిలుచుండిపోయితిమి. "నీళ్లేనమ్మా, నీళ్లే పొయ్యాలి. సున్నపు బట్టీ కాడ కంట్లో పడితే అదే చేసేవోళ్లం" అని ముసలమ్మ మా చేతిని త్రోసివేసినది. భారతభాగవతములు చదివిన మాకు తోచనిది అక్షరము రాని యామెకు తోచినది.

కంటివైద్యులు మొదట నడిగిన మాట, "ఏమి పడినది?" అని. యాసిడ్ అంటిమి. "ఏ యాసిడ్? ఎంత ఘాటైనది? సీసా తెచ్చితిరా? దానిమీద ఏమి వ్రాసియున్నది?" సీసా మా చేతిలోనే యున్నది, దానిమీద ఏమియు లేదు. ఆయన కంటి తడికి ఒక రంగుకాగితము తాకించి చూచి, మరల చాలసేపు సెలైను నీటితో కడిగించిరి. ఆమ్లము తఱచుగా పైపొరను కాల్చి, దానిని గడ్డకట్టించి, తన దారిని తానే కొంత మూసికొనుననియు, సున్నము, కాస్టిక్ సోడా వంటి క్షారములు పొరలను సబ్బువలె కరగించుకొనుచు లోలోపలికి దిగుననియు, అందుచే పడినదేదో తెలియుట ముఖ్యమనియు చెప్పిరి. "తొలి నిమిషములలో నీళ్లు పోసిన వారెవరో వారే ఈ కంటిని కాపాడిరి" అనిరి.

ఆ రాత్రి ఆడుబిడ్డకు ఫోను చేయవలసి వచ్చినది. "పిల్ల తెలియక తీసినది" అనబోయి ఆగితిమి. పిల్ల తెలియక తీసినది. తెలిసికొనకయే పెట్టినది మేము. అదియే చెప్పితిమి.

నాటినుండి సీసాలమీది చిన్న యక్షరములు చదువుట మాకు అలవాటైనది. కంటికి తగులనీయకుడు, తగిలిన నీటితో కడుగుడు అను ఆ రెండు మాటలు ఎక్కడివని మా వారి నడిగితిమి. ఆయన ఉన్నతపాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధింతురు. వారు తెచ్చిన పుస్తకములవలన మేము తెలిసికొన్న కథ యిది.

1933 ప్రాంతమున అమెరికాలో లాష్ లూర్ అను పేర కనుఱెప్పల వెండ్రుకలకు వేయు నల్లరంగు నమ్మిరి. అందులో పారాఫినైలిన్‌డయామిన్ అను రసాయన ముండెను. సొగసునకై దానిని వేయించుకొన్న స్త్రీలలో కొందఱి కన్నులు పుండ్లుపడెను. ఒకామె చూపు పోయెను. వేఱొకామె ప్రాణమే పోయెను. అయినను దానిని అంగళ్లనుండి తీసివేయించు నధికారము ప్రభుత్వమునకు లేకపోయెను. ఏలయన 1906 నాటి వారి చట్టము ఆహారమునకు, ఔషధములకే గాని అలంకరణ వస్తువులకు వర్తింపదు. 1938లో క్రొత్త చట్టము వచ్చినపిమ్మటనే ఆ రంగును పట్టుకొనగలిగిరి. ఆ రసాయనమే నేడు మనము తలకు వేసికొను రంగులలో పెక్కింట గలదు. అట్టి రంగులను కనుబొమలకు, ఱెప్పలకు వాడిన చూపు పోవచ్చునని పెట్టెమీద హెచ్చరిక ముద్రింపవలెనని మన దేశపు నియమములును చెప్పుచున్నవి. ఆ యొక్క పంక్తి వెనుక ఆ స్త్రీల కన్నులున్నవి.

మనుష్యుల కన్నులు పోకుండ ముందుగా తెలిసికొనుట యెట్లు? 1944లో అమెరికా ప్రభుత్వశాఖలో జాన్ డ్రెయిజ్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఒక పరీక్షను ప్రకటించిరి. కుందేటి క్రిందిఱెప్పను లాగి, ఆ సందులో 0.1 మిల్లీలీటరు ద్రవమును వేయుదురు. రెండవ కన్ను పోల్చి చూచుటకై వదలుదురు. తరువాత 1, 24, 48, 72 గంటలకు చూతురు. అవసరమైన 21 దినములవఱకు చూతురు. కంటిముందటి అద్దమువంటి పొరయగు కార్నియాకు 80, పాప చుట్టునున్న రంగువలయమునకు 10, ఱెప్పలలోని పొరకు 20, వెరసి 110 మార్కులు. బడిపిల్లలకు మార్కులు వేయు ఇంట నుండు మాకు ఈ పట్టిక చూడగా నొడలు జలదరించినది. ఇందు ఎక్కువ మార్కులు వచ్చుట యనగా ఎక్కువ కాలుట.

కుందేలినే యేల యెన్నుకొనిరి? దాని కన్ను పెద్దది, అది సాధుజంతువు, వెల తక్కువ. సామాన్యముగా అరవదు, కరవదు, మనవలె మాటిమాటికి ఱెప్ప వేయదు. తల మాత్రము బయటికుండునట్లు బోనులో బిగించి, మత్తైనను ఇయ్యకయే బహుకాలము ఈ పరీక్ష జరిపిరి. పుట్టలో మెఱయునవి యేమో చూడగోరి, ముల్లుతో మునికన్నులు పొడిచిన సుకన్య మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆమె తెలియక పొడిచినది. తెలిసినపిమ్మట జీవితమంతయు ఆ చ్యవనునికి చేయూతగా నిలిచినది. కుందేటికి చేయూత యెవరు?

ఈ పరీక్షలో ఓర్మికి మించిన బాధయే గాక లోపమును గలదు. కుందేటి కార్నియా మనదానికంటె పలుచన. కన్నీరును, ఱెప్పపాటును వేఱు. అందుచే దానికి జరిగినదే మనకును జరుగునని చెప్పలేము. 1971లో పెక్కు ప్రయోగశాలలకు ఒకే పదార్థములను పంపి చూడగా, ఒకచోట హానికరమని తేలినది వేఱొకచోట కాదని తేలినది. 1980లో న్యూయార్కు నగరపు బడిలో పాఠములు చెప్పిన హెన్రీ స్పైరా యనునతడు అలంకరణ వస్తువులకై కుందేళ్లను గ్రుడ్డిచేయుట యేలయని వార్తాపత్రికలో నిండు పుట ప్రకటనతో రెవ్లాన్ సంస్థను నిలదీసెను. ఆ సంవత్సరము ముగియకమునుపే ఆ సంస్థ వేఱు మార్గములు వెదకుటకై ఒక విశ్వవిద్యాలయమునకు 7,50,000 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను.

మార్గములు దొరకినవి. వధశాలనుండి తెచ్చిన పశువుల కార్నియామీద పదార్థమును వేసి, అది ఎంత తెల్లబారినదో, రంగునీరు దానిగుండ ఎంత కారినదో కొలుచు పద్ధతిని, కోడికంటితో చేయు పద్ధతిని 2009లో దేశములు కలిసి యంగీకరించినవి. మనుష్యుల జీవకణములనే గాజుపాత్రలో పెంచి, కార్నియా పైపొరవంటి దానిని తయారుచేసి పరీక్షించు పద్ధతికి 2015లో అంగీకారము లభించినది. కుందేటిపైననే పరీక్ష తప్పనిచో ముందుగా మత్తును, నొప్పి తగ్గించు మందును ఇయ్యవలెనని 2012లో నియమమును సవరించిరి. మన దేశమున 2014లో అలంకరణ వస్తువులను జంతువులపై పరీక్షించుటను, అట్లు పరీక్షించినవానిని దిగుమతి చేయుటను నిషేధించిరి. ఇతర రసాయనములకు ఆ నిషేధము వర్తింపదు.

ఇంతవఱకు చదివి మేము, "మా సీసాలోనిదానిని ఎవరో ఏ కుందేటిమీదనో ముందే పరీక్షించియుండిన మా పిల్ల బ్రదికిపోయెడిది గదా" అని లోలోపల ననుకొంటిమి. అట్లు తలచినందుకు సిగ్గుపడితిమి, అయినను తలచితిమి. మా వారు నవ్వక, ఆమ్లక్షారముల కొలమాన మున్న పుట తీసి చూపిరి. స్వచ్ఛమైన నీటి పీహెచ్ 7. 2గాని అంతకు తక్కువగాని యున్నచో, 11.5గాని అంతకు మించిగాని యున్నచో, ఆ పదార్థము కంటికి ఘోరమని ముందే యెంచి, ఏ జంతువుమీదను పరీక్షింపనక్కరలేదని అంతర్జాతీయ నియమమే చెప్పుచున్నది. అనగా మా సీసాలోని యాసిడ్‌కు ఏ కుందేటి కన్నును అవసరము లేదు. అది కాల్చునని లోకమునకు ఎప్పుడో తెలియును. మా పిల్లకు కావలసినది క్రొత్త పరీక్ష కాదు. తెలిసినదానిని వ్రాసిన ఒక కాగితపు ముక్క.

తరువాతి వారము ఆ సైకిలతను వచ్చినప్పుడు అడిగితిమి. "మాకు డ్రమ్ములో వస్తుందమ్మా. దానిమీద ఏదో అంటించే ఉంటుంది. నాకు చదువు రాదు" అని కాలిన తన చేతివ్రేళ్లు చూపినాడు. తెలిసిన సంగతి డ్రమ్మువఱకు వచ్చినది; డ్రమ్మునుండి సీసాలోనికి పోయునపుడు అది నేలపాలైనది. ఎవరి కన్నులో నొప్పికి ఓర్చగా వచ్చిన తెలివి అది! కొనువారు వివరములు వ్రాయింపనిదే యాసిడ్ అమ్మరాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పినదని అతనికి చెప్పి, దానిని మానుమంటిమి. మానెదనని అతడు మాట యియ్యలేదు. "ఫినాయిలు సీసాలకైతే చీటీలు రాసివ్వండమ్మా" అని మాత్ర మడిగినాడు.

సోదరీమణులారా! పేరులేని సీసాను ఇంటికి రానీయకుడు. ఒక సీసాలోనిదానిని తిను పదార్థముల సీసాలో పోయకుడు. కంటిలో నేదైన పడినచో ఆముదము, చనుబాలు, తేనె అని వెదకక, వెంటనే ఱెప్పలు విప్పి పట్టి, తక్కువలో తక్కువ పదునైదు ఇరువది నిమిషములు ధారగా నీళ్లు పోసి, పిమ్మట సీసాతో గూడ వైద్యునివద్దకు పొండు. సున్నపు ముక్కలున్నచో నీటితోనే పూర్తిగా పోవునట్లు చూడుడు.

పిల్ల కుడికంటి యంచున చిన్న తెల్లమచ్చ నిలిచినది; చూపునకు అడ్డము గాదు. ఆడుబిడ్డ వచ్చి ముసలమ్మకు చీర పెట్టినది. మాతో ఆ మాటయే యెత్తలేదు. ఆమె ఏమన్నను మేము పడియుండెడివారము. ఆ మౌనమే మోయలేకపోయితిమి. వేసవి సెలవులకు పిల్లను మరల మాయొద్దకే పంపినప్పుడు మా కన్నులు చెమర్చినవి. చీటీలు మేము వ్రాయుచుండగా చూచి, అది కలము లాగికొని, గుండ్రని తన యక్షరములతో నలువది చీటీలు వ్రాసినది. నేడు మా వీథిలోని ఫినాయిలు సీసాలమీద నున్న చేవ్రాలు దానిదే.