కచేరీ పోస్టర్ల బ్లాకు బేరం

శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ హాల్లో టికెట్లన్నీ అమ్ముడైన కచేరీ అయ్యాక, బయటికి వెళ్లేవాళ్ల చేతిలో ఉచితంగా పోస్టరు పెట్టే ఆనవాయితీ ఉంది. 1960లలో కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహం కాలం నుంచీ ఆ హాలు పోస్టర్లకు పేరు పడింది. అభిమానంతో ఇచ్చిన అలాంటి కాగితాలు కూడా ఈబేలో డాలర్ల లెక్కన అమ్మకానికి వస్తున్నాయి. ఇక హాల్లో డబ్బుకు అమ్మే పరిమిత ప్రతుల సంగతి చెప్పక్కర్లేదు. రంగుకో స్క్రీన్ చొప్పున ఒకదాని మీద ఒకటి అచ్చువేసి, అడుగున పెన్సిల్‌తో 34/200 అన్నట్టు నంబరు రాసి, ఆర్టిస్టు సంతకం పెట్టిన పని అది. దాన్ని తెల్లారేసరికి రెండు మూడు రెట్లకు అమ్మితే, పెరిగిన ధరలో చిల్లిగవ్వ కూడా సాధారణంగా గీసినవాళ్లకి చేరదు.

కొన్నాక అది నా సొత్తు, ఎంతకైనా అమ్ముకుంటానంటారు కొందరు. నిజమే, అమెరికా చట్టం కూడా అడ్డు చెప్పదు. కానీ చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమైపోదు. కచేరీకి రాలేనివాళ్లకు ఇదొక్కటే దారి కదా అన్నది ఇంకో వాదన. అదీ పూర్తిగా నిజం కాదు. చాలామంది ఆర్టిస్టులు తమ వాటా ప్రతుల్ని తర్వాత సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతారు. ఏళ్ల తరబడి భద్రంగా దాచిన పాత పోస్టరుకు ధర పలకడం వేరు, క్యూలో ముందు నిలబడి అభిమానికి దక్కాల్సింది ఎగరేసుకుపోవడం వేరు. మనిషికి ఒక్కటే అన్న నియమాన్ని నిర్వాహకులు కచ్చితంగా అమలు చేయాలి. మనం కూడా నాలుగు రోజులు ఓపిక పట్టి, గీసినవాళ్ల దగ్గరే కొందాం.