పొయ్యి యెక్కని తీపి

తిరమిసు అను ఇటలీదేశపు తీపివంటకమును గూర్చి మీలో పలువురు వినియే యుందురు. పట్టణములందలి బేకరీలలో దీనిని గాజుగిన్నెలలో నుంచి అమ్ముచుందురు. పైన కోకో పొడి, నడుమ తెల్లని మీగడ, అడుగున కాఫీలో తడిసిన బిస్కత్తు. ఇంతే దాని రూపము. ధర విన్నంతనే గృహిణికి ఇది మనవంటివారికి గాదను తలంపు పుట్టును. దీనిని ఇంటనే, ఓవెను లేకుండ, తొలిసారి చేయువారు సైతము సులువుగ చేసికొనవచ్చునని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. దానితోపాటు ఇందలి కాఫీని గూర్చియు, ఆ పండ్లను కోయు చేతులను గూర్చియు విన్నవింపవలసిన సంగతి యొకటి కలదు.

మేము అరకులోయ ప్రాంతమున నొక కొండయూర కాపురముందుము. మావారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. మా వంటయింట గ్యాసుపొయ్యి, మిక్సీ, చిన్న ఫ్రిజ్జు తప్ప వేరు సాధనములు లేవు. మా పెద్దమ్మాయి విశాఖపట్టణమున మేనమామ యింట నుండి చదువుకొనుచున్నది. సంక్రాంతి సెలవులకు వచ్చినపుడు అది, "అమ్మా, కాఫీ మన గుమ్మం ముందే పండుతూంటే తిరమిసు బజార్లో కొనుక్కోవడం ఎందుకే?" అని యడిగెను. ఆ మాట మాకు న్యాయముగనే తోచెను.

ఈ వంటకము మిక్కిలి పాతది కాదు. ఇటలీలోని త్రెవీజో నగరమందు లే బెక్కెరీ అను భోజనశాలలో 1970 తరువాతి దినములలో ఇది ప్రసిద్ధికెక్కెను. ఆ దేశమందే ఫ్రియూలి ప్రాంతమువారు ఇది తమ సొత్తని వాదింతురు. తిరమిసు అనగా వారి భాషలో "నన్ను పైకి లేపుము" అని యర్థము. వారు గుడ్డులోని పచ్చసొనను పంచదారతో గిలకొట్టి, మస్కర్పోనె అను చిక్కని మీగడజున్నులో కలిపి, సవోయార్ది అను పెళుసు బిస్కత్తులను కాఫీలో ముంచి వరుసలుగ పేర్తురు. కొందరు మద్యమును గూడ చేర్తురు. మద్యము మన యిండ్లకు వలదు. ఉడకని గుడ్డు గర్భిణులకును, పసివారికిని, వృద్ధులకును హాని చేయవచ్చును. కావున మేమా రెండింటిని విడిచి, మస్కర్పోనెకు మారుగ నీరు వార్చిన పెరుగును, సవోయార్దికి మారుగ బేకరీ రస్కులను గైకొంటిమి.

ఆరుగురికి సరిపడు కొలతలివి: తియ్యని గడ్డపెరుగు 1 కిలో, చిక్కని క్రీము 200 గ్రాములు, మెత్తగ పొడిచేసిన పంచదార 100 గ్రాములు, రస్కులు 16, కాఫీపొడి 50 గ్రాములు, కోకో పొడి రెండు చెంచాలు.

ముందునాటి రాత్రి పెరుగును పలుచని శుభ్రమైన గుడ్డలో మూటగట్టి, జల్లెడలో నుంచి, క్రింద గిన్నె పెట్టి ఫ్రిజ్జులో నుంచవలెను. తెల్లవారునప్పటికి నీరంతయు దిగి, పెరుగు వెన్నవలె ముద్దయై యుండును. ఆనాడు తోడుకొన్న పెరుగే కావలెను, పులిసినది పనికిరాదు. దిగిన నీటిని పారబోయక చపాతీపిండి కలుపుటకు వాడుకొనవచ్చును.

కాఫీపొడిని ఫిల్టరులో వేసి, 400 మిల్లీలీటర్ల మరుగునీరు పోసి డికాక్షను దింపుకొనవలెను. సుమారు 300 మిల్లీలీటర్లు దిగును. దానిలో ఒక చెంచాడు పంచదార కలిపి, బొత్తిగ చల్లారనీయవలెను. వేడి డికాక్షనులో ముంచిన రస్కు చేతిలోనే విరిగిపోవును.

ఇక పెరుగుముద్దను, పంచదారపొడిని గరిటెతో ఉండలు లేకుండ కలిపి, చల్లని క్రీమును కొంచెము కొంచెముగ పోయుచు ఒకే దిక్కునకు మెల్లగ త్రిప్పవలెను. మిక్సీలో వేయరాదు, వేసినచో నీరు విడివడును. తరువాత వెడల్పైన స్టీలు డబ్బా నొకదానిని గైకొని, రస్కును డికాక్షనులో ముంచి ఒకటి, రెండు అని యెంచునంతలో త్రిప్పి, రెండవ ప్రక్కను అట్లే ముంచి, అడుగున పేర్చవలెను. ఎనిమిది రస్కులు పరచినపిమ్మట మీగడలో సగము పోసి సరిచేసి, మరల ఎనిమిది రస్కులు పరచి, మిగిలినది పోయవలెను. మూత పెట్టి ఆరు మొదలు ఎనిమిది గంటలు ఫ్రిజ్జులో నుంచినచో తడి రస్కుల నడిమివరకు దిగి, కత్తికి మెత్తగ తెగును. కోకో పొడిని టీ వడపోతతో వడ్డించు సమయముననే చల్లవలెను. ముందే చల్లినచో తడిసి నల్లబడును. మిగిలినదానిని ఫ్రిజ్జులోనే యుంచి, రెండు దినములలో ముగింపవలెను. పిల్లలకు పెట్టునపుడు డికాక్షనును పలుచన చేయుట మంచిది.

చదివితిరి గదా! దీనిలో నేర్పు చూపవలసిన చోటు ఒక్కటియు లేదు. కాచుట, పాకము చూచుట, పొంగించుట లేవు. అందుచేతనే పదార్థములు మంచివి కావలెను. వానిలోను ముఖ్యముగ కాఫీ. వేడివేడి పాలలో విస్తారముగ పంచదార పోసికొని త్రాగునప్పుడు కాఫీలోని లోపము మరుగునపడవచ్చును. చల్లని తీపిలో అట్లు గాదు. మీగడ కరగిపోయిన తరువాత నాలుకపై మిగులునది కాఫీయే. చికోరీ కలిసిన పొడి ఇందులకు సరిపడదు. కాఫీచికోరీ పొట్లముపై చికోరీ నూటికెంత యున్నదో అచ్చువేయుట చట్టము. 49 పాళ్ళవరకు కలుప ననుమతి యున్నది. కొనుటకు ముందు ఆ వ్రాతను చదువుడు.

కాఫీ ఈ కొండలకు పరదేశి మొక్కయే. ఆంగ్లేయుల కాలమున, 1898లో, గోదావరి మన్యమందలి పాములేరు లోయలో దీనిని నాటిరి. పిమ్మట అనంతగిరి, చింతపల్లి తట్టులకు వ్యాపించెను. 1960 నుండి అటవీశాఖవారు తోటలు పెంచిరి. పోడు కొట్టుటచే కొండలు బోడియగుచుండగా, నీడచెట్ల క్రింద పెరుగు కాఫీ గిరిజనుల చేతికి వచ్చినచో అడవియు నిలుచును, కూడును దొరకును అని పెద్దలు తలంచిరి. నేడు సిల్వరోకు చెట్లకు మిరియపు తీగలు ప్రాకగా, వాని నీడను కాఫీమొక్కలు పెరుగుచున్నవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థవారు రైతులవద్ద కాఫీ కొనుచున్నారు. 2017లో పారిస్ నగరమున అరకు పేర కాఫీ అంగడి వెలసెను. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. పారిసువారును, విశాఖవారును రుచి చూచినారు. కోసినవారు చూచిరా?

మా ప్రక్కయింటి గిరిజన సోదరిని మేము అప్పా యని పిలుతుము. ఆమెకు ఏటవాలున కొద్దిపాటి కాఫీతోట కలదు. ఇంట చోడి అంబలి, అప్పుడప్పుడు టీ తప్ప కాఫీ యెరుగరు. మా అమ్మాయి తిరమిసు మాట యెత్తినపుడు ఆమె గుమ్మమున కూర్చుండి, "మేష్టారమ్మా, ఈ కాయలు కోసి కోసి నా యేళ్ళు అరిగిపోనాయి గానీ, దీని రుసేటో నాకు తెల్దు" అని నవ్వెను. ఆ నవ్వునకు మాకు నవ్వు రాలేదు. "అయితే అప్పా, నీ తోట పండుతోనే చేద్దాం. కాయలు పట్టుకురా" అంటిమి.

ఆమె మరునాడు తెచ్చిన గంపలో ఎఱ్ఱని పండ్లతోపాటు పచ్చికాయలును సగమున్నవి. పండినవానిని మాత్రమే కోయవచ్చును గదా యని యడుగగా తల వంచుకొనెను. వానకాలమున ఆమె యొక వర్తకునివద్ద ముందుగ రొక్కము వాడుకొనినది. అతడు రాగానే కాయయంతయు ఒక్కసారిగ దూసి యిచ్చివేయవలెను. పండునకును పచ్చికాయకును అతడిచ్చునది ఒకే ధర. ఒక కొమ్మమీది పండ్లన్నియు ఒక్కనాట పండవు; మాగినవానినే కోయవలెనన్నచో కార్తికము మొదలు పుష్యమువరకు అదే చెట్టువద్దకు మూడు నాలుగు మారులు పోవలెను. పోయిన ప్రతిదినమును కూలి నష్టము. ధరలో భేదము లేనప్పుడు ఆ శ్రమ యెందులకని ఆమె ప్రశ్న. దానికి మావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

మేము పండ్లను, పచ్చికాయలను వేరుచేసి, రెండు చాటలలో ఎండబోసితిమి. మూడు వారములకు గలగలలాడ నెండినవి. రోట దంచి, పొట్టు చెరిగి, ఇనుపమూకుడులో వేరువేరుగ వేచితిమి. పండ్ల గింజలన్నియు సమముగ దాల్చినచెక్క రంగునకు తిరిగెను. పచ్చికాయల గింజలలో అనేకములు ఎంత వేచినను పాలిపోయియే యుండెను. రెండు డికాక్షనులు తీసి, రెండు చిన్న గిన్నెలలో తిరమిసు చేసి, మరునాడు అడ్డాకు దొప్పలలో పెట్టి, ఏది యేదియో చెప్పక, అప్పకును ఆమె కూతురునకును ఇచ్చితిమి.

అప్ప మొదటిదానిని తిని ఊరకుండెను. రెండవదానిని నోటనుంచుకొని కొంతతడవు మాటాడలేదు. పిమ్మట, "ముందటిది తిన్నాక గొంతులో గడ్డిలాగ వగరుండిపోనాది. ఇది పండు కాఫీ కదేటి?" అనెను. భారతమున దమయంతి, బాహుకుడను పేర నున్న నలుని వంటను తెప్పించుకొని రుచి చూచి, తన మగని చేతిని గుర్తించినది. అప్ప గుర్తించినది తన చేతినే. ముప్పదియేండ్లనుండి ఆ చేతులు కోసినదేమో ఆనాటికి ఆమె నాలుకకు తెలిసినది.

ఇంతమాత్రమున ఆమె ఋణము తీరలేదు; తీరినదని వ్రాసినచో అది కట్టుకథ యగును. ఆమె యొక నిర్ణయము మాత్రము చేసికొనెను. ఇంటికి చేరువనున్న ముప్పది మొక్కలను వర్తకుని లెక్కలో చేర్పక, వాని పండ్లను మాగినవి మాగినట్లే కోసి, విడిగ నమ్మి చూతునన్నది. దూరపు చెట్లమాట అప్పు చెప్పినట్లే జరుగును. ఆమె కూతురు ఆశ్రమపాఠశాలలో చదువుచున్నది. ఆ పిల్ల మావారివద్ద కూర్చుండి, ఒక పుటలో పండ్ల తూకము, రెండవ పుటలో పోయిన కూలి వ్రాయుటకు గీతలు గీసికొన్నది. రాబోవు పుష్యమునకు ఆ రెండు పుటలలో ఏది బరువో తెలియును.

పై కొలతలలోని 50 గ్రాముల పొడికి సుమారు 200 కాఫీపండ్లు కావలెను. ప్రతిపండును ఒక స్త్రీయో పురుషుడో వ్రేళ్ళతో తడవి, మాగినదో లేదో చూచి కోయవలసినదే. ఒక్కొక్కటి యట్లు కోయుటకు తగిన ధర వారికి ముట్టినప్పుడే మనకు మంచికాఫీ దొరకును. కావున మీరు కాఫీ కొనునపుడు చౌకయొక్కటే చూడక, ఏ తోటదో, పండ్లను ఏరి కోసినదో కాదో యడుగుడు. గిరిజన సహకార సంస్థ అంగళ్ళలోను, గిరిజన రైతుల సంఘములవద్దను ఈ కొండల కాఫీ దొరకును. అడుగు గృహిణులు పెరిగినకొలది అంగడివాడును అడుగును. అంగడివాడడిగినచో వర్తకుడును పండునకు వేరు ధర కట్టక తప్పదు.

తిరమిసు చేసిననాడు మొదటి ముక్కను పిల్లలకు పెట్టుదురు గాక. మీ యూరు కాఫీ పండు సీమయైనచో రెండవ ముక్క ఆ పండు కోసినవారి యింటికి పంపుడు. ఫ్రిజ్జు లేని యింటికైనచో, తిను గంటకే పంపవలెను.