తాబేళ్ల నోటుబుక్

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, నేను బస్సు దిగీ దిగకముందే మా మేనల్లుడు ఫోన్ అడిగాడు. గేమ్స్ కోసమేమో అనుకున్నా.

"కాదు మామా, చచ్చిపోయిన తాబేలు ఫొటో తియ్యాల. స్కూల్లో ప్రాజెక్టు" అన్నాడు.

వాడు నాలుగో తరగతి. ఆ మాట వినగానే నాకు పద్దెనిమిదేళ్ల కిందటి ఒక నోటుబుక్ గుర్తొచ్చింది. దాంతో పాటు మా నాయన మొహం కూడా.

మాది నెల్లూరు జిల్లా తీరంలో ఒక పట్టపుపాళెం. ఇంటి నుంచి సముద్రానికి ఐదు నిమిషాల నడక, మధ్యలో సరుగుడు తోపు. ఆఫీసులో ఈ మాట చెప్తే "బీచ్ పక్కనే ఇల్లా? లక్కీ బ్రో" అంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ బీచ్‌లో పొద్దున్నే నడిస్తే ఒక్కోరోజు ఎలాంటి వాసనొస్తుందో వాళ్లకి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్లతో ఇసకలో గుంత తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చేసి వెళ్లిపోతుంది. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలొస్తాయి. ఇసక చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. అయితే గుడ్లు పెట్టే దాకా బతికి ఒడ్డు చేరడమే పెద్ద కథ. చేరలేనివి అలలతో పాటు కొట్టుకొస్తాయి.

మా స్కూలు రెండు గదులు, ఐదు తరగతులు. ఐదో తరగతిలో మాకొక సారు ఉండేవారు. పరిసరాల విజ్ఞానం పుస్తకాన్ని ఆయన పెద్దగా తెరిచింది లేదు. తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టించి, రోజూ స్కేలుతో మొలకని కొలిపించేవారు. వానాకాలంలో గుంటలోని కప్ప పిల్లల్ని తొట్టిలో వేసి, ముందు వెనక కాళ్లొస్తాయా, ముందు కాళ్లొస్తాయా అని పందెం కట్టించేవారు. (ముందు వెనక కాళ్లే. నేను ఓడిపోయాను.) కాళ్లొచ్చాక మళ్లీ అదే గుంటలో వదలాల్సిందే. "యాడనుంచి తెచ్చామో ఆడనే వదలాల" అనేది ఆయన పెట్టిన ఒకే ఒక్క రూలు.

ఆ ఏడు జనవరిలో ఆయన మాచేత తాబేళ్ల నోటుబుక్ పెట్టించారు. శనివారం పొద్దున బడికి ముందు, సరుగుడు తోపు దగ్గర్నుంచి ఏటి మొగ దాకా నడవాలి. చచ్చిన తాబేలు కనిపిస్తే చేత్తో ముట్టుకోకూడదు. దూరం నుంచి చూసి తేదీ, గాయాలు, ఆడదా మగదా రాయాలి. తోక పెంకు దాటి పొడుగ్గా బయటికొస్తే మగది. టైలర్ టేపుతో పొడవు కొలిచే పని మాత్రం సారుదే. చివర్లో పెంకు మీద ఆయనే సున్నంతో గీత పెట్టేవారు, వచ్చే వారం మళ్లీ అదే తాబేల్ని లెక్కపెట్టకుండా. ఇప్పుడు నేను డేటాబేస్‌లో డూప్లికేట్లు తీసే పని చేస్తున్నప్పుడల్లా ఆ సున్నం డబ్బానే గుర్తొస్తుంది.

మూడు వారాల్లో పదకొండు లెక్కపెట్టాం. దాదాపు అన్నీ పెద్దవే, రెండడుగులకి పైనే. చాలావాటి మీద గాయం అనేదే లేదు. కొన్నింటి మెడకి వల ముక్క చుట్టుకుని ఉంది. అది చూసి నాకు బాగా కోపమొచ్చింది.

జనవరి 26న బడి గోడకి మా చార్టులు అంటించారు. నా చార్టు మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాలు: "తాబేళ్లను చంపుతున్నది ఎవరు?" దాని కింద బొమ్మ. ఒక బోటు, ఒక వల, వలలో తాబేలు. బోటుకి నీలం రంగేశాను. మా నాయన బోటుది నీలం రంగు. కావాలని వెయ్యలేదు, నాకు బాగా తెలిసిన బోటు అదే మరి.

జెండా పండక్కి ఊళ్లో వాళ్లంతా వచ్చారు. మా నాయనకి చదువు రాదు. "ఏంది రాసినావు నాయనా, చదువు" అన్నాడు ముచ్చటగా. నేను గొంతెత్తి చదివాను. పక్కనే ఆయనతో కలిసి వేటకెళ్లే నలుగురూ ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆయన మాట్లాడకుండా అన్నం తిని లేచాడు. అమ్మ మాత్రం నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "మీ నాయన్ని ఊరందరి ముందర దొంగని చేసినావు కదరా."

నేనేం తప్పు రాశానో నాకు అర్థం కాలేదు. లెక్కలు నిజం. వల ముక్కలు నిజం. ఏడుపొచ్చింది కానీ, చార్టు మాత్రం తప్పు కాదనే అనుకున్నా.

తర్వాతి ఆదివారం తెల్లారకముందే నాయన లేపాడు. "రా" అన్నాడు, అంతే. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. రెండు పక్కలా తాళ్లు పట్టుకుని ఇరవై మందికి పైగా ఉన్నారు. నన్ను కూడా ఒక తాడు దగ్గర నిలబెట్టాడు. గంట లాగేసరికి అరచేతులు మండిపోయాయి. వల ఒడ్డుకొచ్చాక చూస్తే చేపల మధ్యలో ఒక తాబేలు, బతికే ఉంది. ఒకాయన "కూర్మావతారం రా, జాగ్రత్త" అన్నాడు. ఇద్దరు పెంకు పట్టుకుని ఎత్తి నీళ్లలోకి తీసుకెళ్లి వదిలారు. ఒక అల, ఇంకో అల, తర్వాత కనిపించలేదు.

అప్పుడు చెప్పాడు నాయన. తాబేలు చేప కాదు, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. పెద్ద ట్రాలర్లు నీటడుగున గంటల తరబడి వలని ఈడుస్తాయి. అందులో పడ్డ తాబేలుకి పైకొచ్చే దారుండదు. అందుకే గాయం లేకుండా చస్తాయి, ఊపిరాడక. నేనేమో గాయాల గడిలో "లేవు" అని రాసి, దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

"అయితే మన వలలో చావవా నాయనా?" అని అడిగాను.

కాసేపు సముద్రం వైపు చూశాడు. "చస్తాయి. రాత్రేసి పొద్దున తీసే వలల్లో చస్తాయి. చూస్తే వదిలేస్తాం. ఒక్కోసారి వల కోసి కూడా వదిలినాం. కోసిన వలకి డబ్బులు ఎవురిస్తారు? అది కూడా రాయి నీ చార్టులో."

సోమవారం ఇదంతా సారుకి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. మా ఇంటికొచ్చి, బడికొచ్చి పిల్లలకి చెప్పమని నాయన్ని అడిగారు. రెండుసార్లు రానన్నాడు. మూడోసారి వచ్చాడు, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ. ఏ వల ఎంతసేపు నీళ్లలో ఉంటుందో, ఏ వలలో ఏం పడుతుందో, తాబేలు పడితే వల ఎంత చిరుగుతుందో అరగంట చెప్పాడు. మాలో సగం మంది నాన్నలకి అవన్నీ తెలుసు. కానీ ఆ విషయాలు బడిలో చెప్పుకోదగ్గవని మాకు ఆ రోజే తెలిసింది.

చార్టు మళ్లీ గీశాను. "వల" అన్న చోట ఏ వల, ఎన్ని గంటలు అని రాశాను. నోటుబుక్‌లో సారు ఇంకో గడి గీయించారు: "బతికి వెళ్లినవి". అది నింపాలంటే ఒడ్డున నడిస్తే చాలదు. సాయంత్రం బోట్లు వచ్చినప్పుడు వెళ్లి ఒక్కొక్కర్నీ అడగాలి. మొదట్లో నవ్వారు. తర్వాత మమ్మల్ని చూడగానే "ఇయ్యాళ ఒకటి, రాసుకోండి" అని వాళ్లే కేకేసేవాళ్లు.

ఉద్యోగంలో చేరాక ఆ పాఠం చాలాసార్లు పనికొచ్చింది. ఏదైనా సర్వీస్ పడిపోతే ముందు కళ్లెదుట కనిపించిన టీమ్ మీద తోసేస్తాం. లాగ్స్ అబద్ధం చెప్పవు కానీ, మనం ఏ గడి గీయలేదో అది లాగ్స్‌లో ఉండదు.

తాబేళ్ల సమస్య మాత్రం తీరలేదు. 2025 జనవరిలో చెన్నై తీరంలో వెయ్యికి పైగా చనిపోయిన ఆలివ్ రిడ్లీలు కొట్టుకొచ్చాయని వార్తలొచ్చాయి. పరిష్కారం లేదా అంటే ఉంది. ట్రాల్ వలకి టెడ్ అనే కడ్డీల చట్రం బిగిస్తారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న దారిలోంచి బయటపడుతుంది. మన బోట్లకి సరిపోయేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒకటి తయారు చేసింది కూడా. కొంత చేప కూడా ఆ దారిలోనే పోతుందని బోటు వాళ్లు బిగించడానికి ఇష్టపడరు. తాబేళ్లకి రక్షణ లేదనే కారణంతో అమెరికా 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని కొనడం లేదు. ఇక నాయన అడిగిన డబ్బుల ప్రశ్న. మహారాష్ట్ర 2018లోనే దానికి జవాబిచ్చింది. వల కోసి రక్షిత జీవిని వదిలిన మత్స్యకారుడికి 25 వేల రూపాయల దాకా పరిహారం ఇచ్చే పథకం పెట్టింది. ఆ వార్త చదివిన రోజు నాయనకి ఫోన్ చేసి చెప్పాను. "నేను ఎప్పుడో అడిగినా కదా" అన్నాడు.

ఇప్పుడు ఆయన వేటకి వెళ్లడం లేదు, మోకాళ్ల నొప్పులు. సంక్రాంతి మర్నాడు నేనూ, మేనల్లుడూ ఏటి మొగ దాకా నడిచాం. రెండు తాబేళ్లు కనిపించాయి. వాడు ఫొటోలు తీశాడు. లెక్కలకి ఒక గూగుల్ షీట్ చేసిస్తానన్నాను, లొకేషన్‌తో సహా. "మా టీచర్ నోటుబుక్కే తెమ్మంది మామా" అన్నాడు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని వాడు గడులు గీస్తున్నాడు. తేదీ, చోటు, పొడవు, గాయాలు. నాయన పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఆయనకి ఇప్పటికీ చదవడం రాదు, గడులు మాత్రం లెక్కపెట్టాడు.

"ఇంకోటి తగ్గిందే" అన్నాడు.

"ఏంది తాతా?"

"బతికి పోయినవి. దానికి గడి యాడ? బోట్లు వొచ్చే టయానికి పోయి అడుగు. నేనూ వొస్తాలే."

వాడు స్కేలు పెట్టి ఇంకో గీత గీశాడు. నాయన కర్ర అందుకుని లేచాడు.