నానమ్మ చూపు గూటివైపే!

ఫాల్గుణం వచ్చిందంటే గండిమైసమ్మ చుట్టుపక్కల బండరాళ్ల నడుమ మోదుగుచెట్లు ఆకులన్నీ రాల్చేసి నిప్పుకణికల్లా పూస్తాయి. తేనె కోసం గోరింకలు కొమ్మకొమ్మకూ వాలతాయి. పెద్దలు ఆ పూలను ఉడికించి హోలీ రంగు చేసేవారు, ఆకులతో విస్తర్లు కుట్టేవారు.

గూనపెంకుటిళ్లు ఉన్నన్నాళ్లూ పెంకుల సందులన్నీ పిచ్చుకలవే. వాటికోసం చూరుకు వరికుచ్చులూ కట్టేవారు. 2016లో దుండిగల్ గండిమైసమ్మ మండలమైంది. ఔటర్ రింగురోడ్డు పుణ్యమా అని పొలాలు ప్లాట్లయ్యాయి, పెంకుటిళ్ల చోట స్లాబులు లేచాయి. స్లాబుకు సందులుండవు. పాత ఇల్లు విప్పే రోజున అందరి కళ్లూ కొత్త ప్లాను మీదుంటే, నానమ్మల చూపు మాత్రం దూలం మీది గూటివైపే.

చిల్లున్న చిన్న చెక్కపెట్టె గోడకు తగిలిస్తే అందులోనూ పిచ్చుక కాపురం పెడుతుంది. కొత్తింట్లో దానికీ ఓ గది ఇస్తే పోయేదేముంది!