నేల కొనేముందు

స్థలం కొనబోయే ఆప్తులు సలహా అడిగితే, వేసవిలో కాక వానాకాలంలో చూచి రమ్మంటాను. ఏలూరులో తమ్మిలేరు, తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగినప్పుడుగాని పల్లపు నేల నైజం బయటపడదు.

దస్తావేజుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఈసీ ఆ భూమిపై రిజిస్టరైన అమ్మకాలను, తాకట్టులను చూపుతుంది. అది ఏ హద్దులో ఉన్నదో చూపదు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తుగల కాంటూరు వరకు కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవారికి చెరువు పోయి అప్పు మిగిలింది.

కనుక స్థలం ఆ గీతకు ఏ వైపున ఉన్నదో సర్వే నంబరుతో రెవెన్యూ, అటవీ కార్యాలయాలలో విచారించాలి; వరద ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడగాలి. ఈ విచారణ బయానా ఇవ్వకముందే జరగాలి. జీవితకాలపు కష్టార్జితాన్ని ధారపోసేవాడు ఒక్క వానాకాలం ఆగితే నష్టమేమీ లేదు.