దారం చిక్కుపడితే కత్తెరుంది... సలాక చిక్కుపడితే?

మీ ఇంట్లో కుట్టుమిషన్ ఉందా? ఉంటే నేను చెప్పబోయే సంగతి మీకు సగం తెలిసినట్టే. పండగ ముందు రోజు, చేతిలో నాలుగు జాకెట్లున్నాయి, హడావిడిగా తొక్కుతుంటాం. పైన కుట్టు బాగానే పడుతున్నట్టుంటుంది. ఉన్నట్టుండి గుడ్డ ముందుకు జరగడం మానేస్తుంది. మన కాలు మాత్రం ఆగదు. రెండు మూడు క్షణాలే! గుడ్డ ఎత్తి చూస్తే అడుగున దారం పిచ్చుక గూడులా చుట్టుకుని ఉంటుంది. విసుక్కుంటూ కత్తెర తీసుకుంటాం. పోయేది కాస్త దారం, ఓ పావుగంట టైము.

ఆ దారం బదులు నిప్పులా కాలిన ఇనుప సలాకను ఊహించుకోండి. మావారు పద్దెనిమిదేళ్లు అలాంటి సలాక పక్కన నిలబడి పనిచేశారు.

మాది షాద్‌నగర్ దగ్గర పల్లె. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రంగారెడ్డిలో కలిపారు గానీ, మా నోటికి ఇంకా పాలమూరే వస్తుంది. నా చిన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో సగంమంది డ్యాముల పనికీ, కాలవల పనికీ దేశాలు పట్టిపోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే అంత పేరు! తర్వాత కొత్తూరు వైపు ఫ్యాక్టరీలు లేచాయి. మావాళ్లు బయటికి పోతుంటే బీహారు నుంచీ ఒడిశా నుంచీ కుర్రాళ్లు మా దగ్గరి భట్టీలకు రావడం మొదలైంది. విచిత్రం కదూ! మావారు మాత్రం ఊరు విడిచేది లేదని ఒక రోలింగ్ మిల్లులో చేరారు. నేను ఇంట్లోనే లేడీస్ టైలరింగ్.

వంటలూ అల్లికలూ వచ్చే పేజీల్లో ఈ ఇనుము గోలేమిటి అనకండి. మీ నెత్తిమీద స్లాబులో ఉన్న సలాకలు ఇలాంటి చోటు నుంచి వచ్చినవే.

చెరుకురసం బండి చూసే ఉంటారు. రెండు రోళ్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, మధ్యలో గడ పెడితే అవే లాక్కుంటాయి. మిల్లులోనూ అంతే. ఇనుప దిమ్మెను ముందు భట్టీలో 1100, 1200 డిగ్రీల దాకా కాలుస్తారు. నారింజపండు రంగుకొచ్చాక రోళ్ల మధ్యకు పంపుతారు. చపాతీకర్ర కింద ముద్ద నలుదిక్కులా పరుచుకుంటుంది గానీ, రోళ్ల గాడిలో ఇనుముకు పక్కలకు పోయే దారి ఉండదు. పొడుగే సాగాలి. 100 మిల్లీమీటర్ల చదరంతో 2 మీటర్ల పొడవున్న దిమ్మె 12 మిల్లీమీటర్ల సలాక అయ్యేసరికి 170 మీటర్ల దాకా సాగుతుందని మా అబ్బాయి లెక్కవేసి చూపించాడు. సన్నబడేకొద్దీ పరుగు కూడా పెరుగుతుంది.

పాత పద్ధతి మిల్లుల్లో ఒక జత రోళ్లలోంచి బయటికొచ్చిన సలాక కొసను పెద్ద పట్టకారుతో పట్టి, వెనక్కి తిప్పి, పక్క జత రోళ్ల నోట్లో పెట్టాలి. అదే మావారి పని. మనం పొయ్యి మీంచి గిన్నె దించే పట్టకారు లాంటిదే, కాకపోతే బారెడు పొడుగు. కొస లోపలికి పోయాక మిగతా సలాక నేలమీద పెద్ద ఉచ్చులా వంపు తిరిగి జారిపోతూ ఉంటుంది. చేరిన రోజే మేస్త్రీ చెప్పాడట, "ఏం మరిచినా మరువు గానీ, ఉచ్చు లోపట కాలు పెట్టకు" అని. ఉచ్చు బిగిస్తే కాలు ఉండదు.

ఇక కొస పక్క రోళ్ల నోట్లోకి పోలేదనుకోండి. దేనికో తట్టుకుని ఆగింది. కానీ వెనక రోళ్లకు ఆ సంగతి తెలీదు, అవి నెడుతూనే ఉంటాయి. వచ్చే సలాకకు పోయే దారి లేక పైకి లేస్తుంది, మెలికలు తిరుగుతుంది, ఎటు విసురుతుందో ఎవరూ చెప్పలేరు. దీన్ని మిల్లులో మిస్‌రోల్ అంటారు. చదువుకున్న ఇంజనీర్లు కాబుల్ అంటారట. మొదటిసారి విన్నప్పుడు ఆఫ్ఘనిస్తాన్‌లో ఊరి పేరనుకుని, మధ్యలో ఆ ఊరు ఎందుకొచ్చిందా అనుకున్నాను!

ఓ దసరాకు ఆయుధపూజ చూడ్డానికి ఇంటివాళ్లను మిల్లులోకి రానిచ్చారు. రోళ్లకు పసుపూ కుంకుమా, బంతిపూల దండలు. అంతా చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. పెరట్లో ఒక మూల నల్లగా పేరుకుపోయిన గుట్ట చూసి ఆగిపోయాను. సలాకలే, కానీ ఒక్కటీ తిన్నగా లేదు. ఉండలు చుట్టుకుని, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, అచ్చం నా మిషన్ కింద కట్టే గూడే! "ఇవన్నీ మీ పక్క నుంచి లేచినవేనా?" అని అడిగాను. మావారు నవ్వి, "ప్రసాదం తిను, సల్లారుతది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2012లో కరెంటు కష్టాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు. కరెంటున్న రోజున పోయిన రోజుల పని కూడా చెయ్యాలని తొందర. ఓ మధ్యాహ్నం కరెంటు పోయి రోళ్లు ఆగాయి. భట్టీ మంట తగ్గించారు. మళ్లీ కరెంటు రాగానే దిమ్మెలు వదలడం మొదలుపెట్టారు. ఇక్కడే ఉంది కిటుకు. దిమ్మె ఈ కొస నుంచి ఆ కొస దాకా, పైనా లోపలా ఒకేలా కాగాలి. తొందరలో గారె తీస్తే చూడండి, పైన ఎర్రగా ఉంటుంది, లోపల పచ్చిపిండి. గారె అయితే మళ్లీ నూనెలో వేస్తాం. కొస సరిగా కాగని దిమ్మె రోళ్లకు లొంగదు. కొస చీలిపోతుంది, పక్కకు తిరుగుతుంది. పైగా సలాకను దారిలో పెట్టే గైడు అరిగిపోయి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఆరోజు అదే జరిగింది. సలాక ఎగిరింది. మావారు పట్టకారు వదిలేసి వెనక్కి దూకారు. కుడికాలి పిక్కకు తగిలింది ఒక్క క్షణమే. కానీ ప్యాంటు టెర్రికాటన్. కరిగి చర్మానికి అంటుకుపోయింది.

ఆ ప్యాంటు కుట్టింది నేనే. ముడతలు పడదు, తొందరగా ఆరుతుంది, మన్నుతుంది అని నేనే షాద్‌నగర్ వెళ్లి గుడ్డ ఏరి తెచ్చాను. ఈ సంగతి మా అత్తమ్మకు కూడా చాలాకాలం చెప్పలేదు.

ఎవరో తోటివాడు పాపం ప్రేమకొద్దీ కాలిన చోట టూత్‌పేస్టు పూశాడు. డాక్టరు దాన్ని తుడిచి తీస్తుంటే మావారు అరిచిన అరుపు వరండాలోకి వినిపించింది. మీరు ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కాలితే పేస్టూ, నెయ్యీ, సిరా ఏదీ వద్దు. ఐసు కూడా వద్దు. వెంటనే పంపు కింద మామూలు చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పొయ్యాలి. అంటుకుపోయిన గుడ్డను లాగకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంట్లో తలా ఒక మాట. అత్తమ్మ దిష్టి అంది. మావారు "నా టైం బాగలేదు" అన్నారు. కాంట్రాక్టరు మనిషి "పట్టకారు సరిగ్గ పట్టలే" అన్నాడు. మూడోరోజు భట్టీ దగ్గర పనిచేసే బీహారు కుర్రాడు అరటిపళ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. కాసేపు ఊరికే కూర్చుని, వెళ్లేముందు నా దగ్గర గొంతు తగ్గించి, "భాభీ, దిమ్మె కొస ఇటుక రంగులో ఉండె. ఇంకో పావుగంట ఆగుదామని చెప్పిన. ఎవరు వినలే" అన్నాడు. గైడు అరిగిందని వారం కిందటే చెప్పారట కూడా.

అప్పుడు నాకు కోపం వచ్చింది చూడండి! నా దగ్గర దారం చిక్కుపడితే ముందు బాబిన్ చూస్తాను, తర్వాత సూది, దారం బిగువు చూస్తాను. తొక్కే కాలిని తిట్టుకుంటూ కూర్చోను. మరి మిల్లులో కడ్డీ చిక్కుపడితే మొట్టమొదట పట్టకారు పట్టినవాడి మీదికే ఎందుకు పోతారు?

జీతంలో ఈఎస్ఐ కోత పడుతోంది, కార్డు మాత్రం చేతికి రాలేదు. జీతం చీటీలు అన్నీ నా గుడ్డల పెట్టెలో దాచి ఉన్నాయి. అవి పట్టుకుని కాంట్రాక్టరు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి కార్డు వచ్చింది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో తొడ చర్మం తీసి పిక్కకు వేశారు. పనికి పోలేని రోజులకు జీతంలో ఎక్కువ భాగం కూడా వచ్చింది, ఆలస్యంగానైనా. కానీ నేను నిజంగా పోట్లాడింది డబ్బుల కోసం కాదు. ప్రమాదం కాగితంలో "కార్మికుని అజాగ్రత్త వలన" అని రాసుకున్నారు. అది కొట్టేస్తే గానీ కుర్చీ మీంచి లేవనన్నాను. అరగంట తర్వాత అది కొట్టేసి "సలాక జారుట వలన" అని రాశారు. అంతే. భట్టీ గురించి ఒక్క ముక్క లేదు. నేను గెలిచానో ఓడానో మీరే చెప్పండి.

తర్వాత మా ఇంట్లో మిల్లు బట్టలు మారిపోయాయి. దళసరి నూలు గుడ్డే కొన్నాను. దుకాణంలో ప్యూర్ కాటన్ అంటే నమ్మకుండా అంచు నుంచి ఒక పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కలిస్తే ముడుచుకుని గట్టి పూసలా అవుతుంది. ప్యాంటుకు కింద మడత ఉండకూడదు, అందులో వేడి పొక్కులు పడి నిలుస్తాయి. పొడుగు బూటు పైకి దిగేలా ఉండాలి, బూటులోకి దోపకూడదు. చొక్కా జేబుకు మూత ఉండాలి. నూలైనా కాలదని కాదు, కరిగి అంటుకోదు, విదిలించుకోవడానికి ఒక క్షణం దొరుకుతుంది. ఆ సంగతి తెలిసి చుట్టుపక్కల ఆడవాళ్లు గుడ్డలు పట్టుకొచ్చారు. లేడీస్ టైలరునైన నేను ఆ ఏడాది ప్యాంట్లే ఎక్కువ కుట్టాను!

విశాఖ ఉక్కు లాంటి పెద్ద ప్లాంట్లలో మనుషులు అద్దాల గదిలో కూర్చుని నడిపిస్తారు. సలాక చిక్కుపడితే వెనక నుంచి వచ్చేదాన్ని ముక్కలుగా నరికేసే కత్తెర యంత్రం కూడా ఉంటుంది. మావారి మిల్లులో తర్వాత్తర్వాత కొస తిప్పడానికి వంపు గొట్టాలు పెట్టారు, పట్టకార్ల పని చాలావరకు తగ్గింది. మావారు అప్పటికే గేటు డ్యూటీకి మారారు. ఇప్పుడు అదీ మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. చలికాలం పిక్క తిమ్మిరెక్కుతుందని కొబ్బరినూనె రాసుకుంటూ వరండాలో కూర్చుంటారు.

మొన్న నేనొక పట్టు జాకెట్టు కుడుతున్నాను. ధ్యాసంతా అంచు మీదే ఉంది. వరండాలోంచి "ఆపు!" అని అరిచారు. ఉలిక్కిపడి కాలు తీసేశాను. గుడ్డ ఎత్తి చూస్తే అడుగున అప్పుడే నాలుగు వరుసలు చిక్కుపడి ఉన్నాయి. "మీకెట్ల తెలిసింది?" అంటే, "సప్పుడు మారింది గదనే" అని మళ్లీ నూనె సీసా అందుకున్నారు.