ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతను ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పిల్లలకు వివరిస్తూనే ఉన్నాను. దాని అసలు అర్థం మాత్రం నిరుడు వినాయకచవితి వెళ్ళాక, మా అమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు గాని నాకు బోధపడలేదు.

మా ఇల్లు అలిపిరికి దగ్గర. వానలు పడితే కొండ మొదట్లో పొదలు ఏపుగా లేస్తాయి. చవితి ముందురోజు అమ్మ పత్రికి బయలుదేరింది.

"బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు కదమ్మా!" అన్నాను.

"కొన్న పత్రీ, కోసిన పత్రీ ఒకటేనట్రా?" అని బుట్ట పట్టుకొని వెళ్ళింది. ఉత్తరేణి, వావిలి, గరిక తెచ్చింది. వాటితోపాటు ఇంకేదో వెంట వచ్చిందని అప్పుడు తెలియలేదు.

పదిరోజులకు జ్వరం తగిలింది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు. నేనే వైద్యుణ్ణయి మందుల షాపులో అమాక్సిసిల్లిన్ మాత్రలు అడిగి తెచ్చి వేశాను. తగ్గలేదు. ఆరోనాటికి ఆయాసం మొదలయింది. మా ఆవిడ నావంక చూసిన చూపుకు పరుగెత్తి ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో ఉన్నది చిన్నవయసు డాక్టరమ్మ. "అవ్వా, పొదల్లోకి ఏమన్నా పోయినావా?" అని అడిగి, నన్ను బయటికి పంపి ఒళ్ళంతా పరీక్షించింది. నడుము దగ్గర, చీరకట్టు కింద, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పెచ్చు కనబడిందట. స్క్రబ్ టైఫస్ అంది. రక్తపరీక్షా అదే చెప్పింది.

పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనీ ఆనని పురుగుపిల్ల కుట్టినప్పుడు ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. జపాను భాషలో 'సుత్సుగ' అంటే జబ్బు, 'ముషి' అంటే పురుగు. ఈ ప్రాంతంలో వ్యాపించిన దీని రకాలను గురించి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2016లోనే ఒక వ్యాసం ప్రకటించారు.

దాని పనితనం డాక్టరమ్మ చెబుతుంటే నోరు తెరుచుకొని విన్నాను. అది రక్తనాళాల లోపలి కణాలను అంటుకుంటుంది. కణం తానే దాన్ని చుట్టి, ఒక చిన్న సంచిలో పెట్టి లోపలికి తీసుకుంటుంది. అలా వచ్చినదాన్ని అరిగించేయడం కణానికి అలవాటు. అరగకముందే ఇది సంచి చించుకొని బయటపడుతుంది. కణంలో సరుకులు మోసే సన్నని దారాలుంటాయి. వాటి వెంట ప్రయాణించి కేంద్రకం దగ్గర మకాం వేస్తుంది. కణం తిండే తింటూ ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. పోయేటప్పుడు కణం పైపొరలోంచే ఒక ముక్క కప్పుకొని పోతుంది. యజమాని కండువా వేసుకొని వీధిలోకి వచ్చే దొంగను బంట్రోతు ఎలా పోల్చుకుంటాడు?

"మరి నా మాత్రలు?" అన్నాను.

"ఆ జాతి మందులు బాక్టీరియా గోడ కట్టుకోకుండా చేస్తాయి సార్. దీని మీద అవి పనిచేయవు. డాక్సీసైక్లిన్ కణంలోకే వెళ్ళి, అది ప్రోటీన్లు తయారుచేసుకోకుండా ఆపుతుంది. ఇంకా ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినేవి."

రెండు రోజులకు జ్వరం దిగింది. నాలుగోనాడు అమ్మ చారన్నం అడిగింది.

"ఆ పెచ్చు ముందే చూసుకున్నావా అమ్మా?"

"చూసుకున్నాను. నొప్పీ లేదు, దురదా లేదు. నడుము దగ్గర పుండని మగపిల్లవాడితో ఏమని చెప్పను?" అని అటు తిరిగి పడుకుంది.

నేను మాట్లాడలేకపోయాను. కోడలితోనూ చెప్పలేదు, అడగాలని మాకూ తోచలేదు. ఇంట్లో ఇద్దరం ఉండి, ఆరు రోజులు థర్మామీటరును మాత్రమే పలకరించాం!

మళ్ళీ చవితి వస్తే అమ్మ పత్రికి వెళ్ళకుండా ఉండదు. నిండుచేతుల రవికె వేసుకోమంటాను. రాగానే స్నానం చేసి, కట్టిన బట్టలు వేడినీళ్ళలో వేయమంటాను. ఆ తర్వాత జ్వరం వస్తే మాత్రం ఈసారి సిగ్గుపడే వంతు నాది కాదు, అమ్మది కాదు. మా ఆవిడకు ముందే చెప్పి ఉంచాను.